తాతయ్య మాటకి సాక్షిని నేనొక్కదాన్నే

పోయిన ఏడాది మన క్లబ్బు పెట్టిన డిబేట్‌లో నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. టాపిక్ గుర్తుందా? "కారుణ్య మరణం హక్కుగా ఉండాలా?" చీటీ తీస్తే నాకు "వ్యతిరేకం" వచ్చింది. సొంతంగా అడిగితే నేను పూర్తిగా అనుకూలం. అయినా స్టేజి ఎక్కి ఆరు నిమిషాలు గట్టిగా వాదించాను. చప్పట్లు పడ్డాయి. సర్టిఫికెట్ ఇచ్చారు. హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్ అడిగింది: "నిజం చెప్పవే, నీకు నిజంగా అలాగే అనిపిస్తుందా?" నవ్వి ఊరుకున్నాను.

ఆ ప్రశ్నకి సమాధానం ఇన్నాళ్ళకి రాస్తున్నాను. మధ్యలో మా ఇంట్లో ఒకటి జరిగింది. దాని తర్వాత "నాకేమనిపిస్తుంది" అన్నదీ, "నేనేం చెయ్యాలి" అన్నదీ ఒకే ప్రశ్న కాదని తెలిసింది.

ముందు డిబేట్ కోసం చదివిన రెండు కేసులు చెప్తాను. తర్వాత వాటితోనే పని పడింది.

మొదటిది మన హైదరాబాద్‌దే. వెంకటేశ్ అనే కుర్రాడు. చెస్ బాగా ఆడేవాడు. కండరాలు ఒక్కొక్కటిగా పని చెయ్యడం మానేసే జబ్బు, మస్క్యులర్ డిస్ట్రొఫీ. పాతికేళ్ళ వయసుకి వెంటిలేటర్ మీదకి వచ్చేశాడు. అతని కోరిక ఒక్కటే. ఎలాగూ పోతున్నాను, అవయవాలు పాడవకముందే తీసి ఇంకొకరికి పెట్టండి అని. వాళ్ళమ్మ ఆ కోరిక పట్టుకుని 2004 డిసెంబర్‌లో హైకోర్టుకి వెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అయ్యాకే అవయవాలు తీసుకోవాలి, అతను అప్పటికి బతికే ఉన్నాడు. కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. కళ్ళు మాత్రం దానం చెయ్యగలిగారు. 2022లో రేవతి డైరెక్షన్‌లో కాజోల్ చేసిన 'సలామ్ వెంకీ' ఈ తల్లీకొడుకుల కథ ఆధారంగా తీసిందే.

రెండోది అరుణా షాన్‌బాగ్. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973లో అక్కడే పనిచేసే ఒకడు ఆమె మీద దాడి చేశాడు. మెదడు దెబ్బతిని మంచం పట్టింది. అప్పటినుంచి 2015లో న్యుమోనియాతో పోయేదాకా, నలభై ఏళ్ళు దాటి, ఆ ఆసుపత్రి నర్సులే తరాలు మారినా ఆమెని చూసుకున్నారు. ఆమె గురించి పుస్తకం రాసిన పింకీ విరానీ, ఇక ఆమెకి ఈ బాధ నుంచి విముక్తి ఇవ్వండి అని సుప్రీంకోర్టుకి వెళ్ళింది. నర్సులు వద్దన్నారు. 2011 మార్చిలో కోర్టు పిటిషన్ కొట్టేసింది. కానీ అదే తీర్పులో, ఇలాంటి స్థితిలో వైద్యం ఆపడానికి హైకోర్టు అనుమతితో ఒక దారి ఉంటుందని చెప్పింది.

డిబేట్‌లో ఈ రెండు కేసుల్నీ నా వైపు లాక్కున్నాను. కోర్టులే వద్దన్నాయి కదా అని ముగించాను. కోర్టులు ఎందుకు వద్దన్నాయో మాత్రం నేను పట్టించుకోలేదు. పట్టించుకోకుండానే ప్రైజ్ వచ్చింది.

ఇక మన ప్రొఫెషనల్ ఎథిక్స్ సబ్జెక్టు. మోరల్స్‌కీ ఎథిక్స్‌కీ తేడా రాయమంటే అందరం ఒకటే రాస్తాం. మోరల్స్ వ్యక్తివి, ఎథిక్స్ వృత్తివి. రెండు మార్కులు. నాకూ వచ్చాయి. ఉదాహరణగా చాలెంజర్ షటిల్ కథ ఉంటుంది. 1986 జనవరిలో, ప్రయోగానికి ముందు రోజు రాత్రి, రోజర్ బోయిస్‌జోలీ లాంటి ఇంజినీర్లు ఈ చలికి రాకెట్‌లో రబ్బరు ఓ-రింగులు సరిగ్గా సీల్ చెయ్యకపోవచ్చు, ఆపండి అని చెప్పారు. మేనేజర్లు వినలేదు. ఏడుగురు పోయారు. చదవగానే మనమంతా ఇంజినీర్ల పక్షమే.

గమనించండి, ఆ కథలో మనస్సాక్షీ వృత్తిధర్మమూ ఒకే వైపు ఉన్నాయి. రెండూ "ఆపండి" అనే అన్నాయి. ధైర్యం ఒక్కటే కావాలి. నేను చదివిన పుస్తకంలో ఉదాహరణలన్నీ దాదాపు ఇలాంటివే. ఆ రెండూ చెరో వైపు లాగితే ఏం చెయ్యాలో అందులో లేదు.

మా తాతయ్య ఆర్టీసీ డ్రైవరు. తెనాలి డిపోలో రిటైరయ్యాడు. సెలవులకి ఇంటికెళ్తే సాయంత్రాలు అరుగు మీద ఆయన పక్కన కూర్చోవడం నాకు అలవాటు. రెండేళ్ళ కిందట నానమ్మ పోయాక ఆ అలవాటు ఇంకా పెరిగింది. ఒక సాయంత్రం ఆయన ఎవరినో చూసి వచ్చాడు. ఆయనతోపాటు డ్యూటీ చేసిన ఒక పాత కండక్టరు. పక్షవాతం, ముక్కులో గొట్టం, నాలుగు నెలలుగా మంచంలోనే. తాతయ్య చెప్పులు విప్పి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"బుజ్జమ్మా, నన్ను మాత్రం అట్టా గొట్టాలు పెట్టి నెలల తరబడి పడుకోబెట్టకండమ్మా."

నేను "అలాంటి మాటలెందుకు తాతయ్యా" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, ఇంకో మాట అన్నాడు.

"సర్లే, అప్పటి సంగతి అప్పుడు. మీ నాన్న చూసుకుంటాడులే."

ఆ తర్వాత లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

ఆరు నెలల తర్వాత, మూడో సంవత్సరం మొదటి మిడ్స్ అయిన వారం, అమ్మ ఫోన్ చేసింది. తాతయ్య బాత్రూంలో పడిపోయాడు. మెదడులో రక్తస్రావం. విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళేసరికి వెంటిలేటర్ మీద ఉన్నాడు. మా పెద్దమ్మ కూతురు, స్వాతక్క, ఆ ఆసుపత్రి ఐసీయూలోనే స్టాఫ్ నర్సు. తను చేసిన మొదటి పని, మా తాతయ్య బెడ్ తనకి వెయ్యొద్దని ఇన్‌చార్జిని అడగడం. నాకు కోపం వచ్చింది. మనవాళ్ళు ఉంటే బాగా చూస్తారు కదా అని నా లెక్క.

"బాగా చూస్తానే, అందుకే వద్దన్నాను" అంది. "అందరికంటే ఆయన్నే బాగా చూస్తాను. పక్క బెడ్ ఆయన కూడా ఎవరికో తాతే."

తొమ్మిదో రోజు డాక్టరుగారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. నాన్న, బాబాయ్, అత్త కుర్చీల్లో కూర్చున్నారు. నేను నాన్న వెనక నిలబడ్డాను. ఆయన కంగారు లేకుండా, వివరంగా చెప్పారు. తాతయ్య బ్రెయిన్ డెడ్ కాదు. గట్టిగా నొక్కితే చెయ్యి కొంచెం కదుపుతున్నాడు. కానీ లేచి, మనిషిని గుర్తుపట్టి, మాట్లాడే అవకాశం దాదాపు లేదు. నోట్లోంచి వేసిన గొట్టం ఇంక ఎక్కువ రోజులు ఉంచకూడదు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కణ్ణుంచి గొట్టం పెట్టాలి, ట్రాకియాస్టమీ అంటారు. దానికి సంతకం కావాలి. అలా వద్దు, యంత్రాల మీద పొడిగించడం వద్దు అని కుటుంబమంతా అనుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది. ఆసుపత్రిలో ఒక డాక్టర్ల బోర్డు చూస్తుంది, ఆ తర్వాత బయటి డాక్టరు కూడా ఉన్న ఇంకో బోర్డు చూస్తుంది. రెండూ ఒప్పుకోవాలి. మేజిస్ట్రేట్‌కి తెలియజేస్తారు. 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు, 2023లో దాన్ని కొంచెం సులువు చేశారు.

ఇదంతా నాకు తెలుసు. డిబేట్‌కి నోట్స్ రాసుకున్నదే.

చివరికి ఆయన అడిగారు: "పెద్దాయన ఇలాంటి విషయంలో ఎప్పుడైనా తన ఇష్టం చెప్పారా? ఎక్కడైనా రాసిపెట్టారా?"

నాన్న "లేదండి" అన్నాడు.

నేను నాన్న వెనకే ఉన్నాను. నోరు విప్పలేదు. ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. పెద్దవాళ్ళ మధ్యలో ఇరవయ్యేళ్ళ ఆడపిల్ల మాట అన్న భయం కొంత. ఆ మాట అంటే తాతయ్యని నేనే చంపినట్టవుతుందేమో అన్న భయం ఇంకొంత. డాక్టరుగారు, రేపటిలోగా ఆలోచించుకుని చెప్పండి అన్నారు.

ఆ రాత్రి వెయిటింగ్ హాల్లో, అత్త తెచ్చిన దుప్పటి కప్పుకుని, నేను చెప్పబోయే మాటని రిహార్సల్ చేసుకున్నాను. అప్పుడే ఒక సంగతి తట్టింది. తాతయ్య రెండు మాటలు అన్నాడు. మొదటి మాట నేను నమ్మినదానికి సరిగ్గా సరిపోతుంది. రెండో మాట దాన్ని పాడు చేస్తుంది. "మీ నాన్న చూసుకుంటాడులే" అని చెప్తే నాన్న ఆ మాటనే పట్టుకుంటాడు. నాన్న గురించి నాకు తెలుసు. చేతులారా ఆపమని సంతకం పెట్టలేడు.

అయితే రెండో మాట చెప్పకపోతే?

అబద్ధం కూడా కాదు. అన్నమాటే చెప్తాను, సగం. ఇంకొంచెం బలం కావాలంటే, అప్పుడు నానమ్మ కూడా పక్కనే ఉందని కలపొచ్చు. నానమ్మ లేదు కాబట్టి కాదనేవాళ్ళు లేరు. ఇలా రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ ఆ రాత్రి నాకు అది తప్పనిపించలేదు. ఒట్టు. తాతయ్య బాధ పడకూడదు, అది ఆయన కోరిక, దాన్ని గెలిపించడం నా బాధ్యత. నా నీతి నూటికి నూరు పాళ్ళు నాతోనే ఉంది. ప్రాక్సీ అటెండెన్స్ చెప్పేటప్పుడు "ఫ్రెండ్ కోసమే కదా" అనుకుంటామే, అలాంటి ధీమా.

రాత్రి ఒంటిగంటకి స్వాతక్క టీ తాగడానికి బయటికి వచ్చింది. మెట్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. సగం మాట వదిలేసే సంగతి కూడా.

తను వెంటనే తిట్టలేదు. "ముందు నీకొకటి చెప్పాలి" అంది. "నా వరకు నేను, ఊపిరి ఇచ్చినవాడే తీసుకోవాలని నమ్ముతాను. వెంటిలేటర్ ఆపడం నాకు ఇష్టం ఉండదు. ఆ పని నా చేత చేయించొద్దని మా ఇన్‌చార్జికి ఎప్పుడో చెప్పుకున్నాను. తను సరేనంది, వేరేవాళ్ళని వేస్తుంది."

నేను ఆశ్చర్యపోయాను. అక్క నా పక్షమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మరి పేషెంట్ వాళ్ళు వచ్చి, ఆపించడానికి ఏం చెయ్యాలి సిస్టర్ అని అడిగితే?"

"చెప్తాను. బోర్డుకి ఎలా వెళ్ళాలో, డాక్టర్ని ఏం అడగాలో అన్నీ చెప్తాను. నాకిష్టం లేదని వాళ్ళకి దారి దాచిపెడితే, వాళ్ళ తండ్రి మీద నా నమ్మకాన్ని రుద్దినట్టే కదా. నేను తప్పుకోవచ్చే, అడ్డం పడకూడదు."

తర్వాత తను చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"చూడు, రాత్రి రెండింటికి బీపీ చూడాలి. నేను వేరే బెడ్ దగ్గర ఇరుక్కుని చూడలేదనుకో. ఆ పేషెంట్ బాగానే ఉన్నాడని నాకు తెలుసు. పన్నెండుకి నూట ఇరవై ఉంది, మూడుకీ నూట ఇరవయ్యే ఉంది. మధ్యలో నూట ఇరవై అని రాసేస్తే ఎవరికీ నష్టం లేదు. అయినా చూడలేదనే రాయాలి. ఎందుకో తెలుసా? పొద్దున వచ్చే డాక్టరు నా మనసు చదవడు, షీటు చదువుతాడు. ఒక్క గడి నేను మంచి ఉద్దేశంతో నింపానంటే, ఇంక మిగతా గడులన్నీ కూడా నా ఉద్దేశాలే అవుతాయి, బీపీలు కావు."

టీ గ్లాసు పక్కన పెట్టి అంది: "ఇప్పుడు తాతగారి షీటు నీ దగ్గర ఉంది. రెండు గడులున్నాయి. నీ ఇష్టం."

మీలో కొంతమందికి అక్క మాట చాదస్తంలా అనిపించొచ్చు. నాకూ ఆ రాత్రి అలాగే అనిపించింది. కానీ నిద్ర పట్టక ఆ రెండు కేసుల్నీ మళ్ళీ తలుచుకున్నాను. ఈసారి వాటిలో వేరే సంగతి కనిపించింది.

అరుణ కేసులో పింకీ విరానీది జాలి. నర్సులదీ జాలే. ఒకరి జాలి ఇంక వదిలెయ్యమంది, ఇంకొకరి జాలి కాపాడుకుంటాం అంది. ఎవరి మనసు గొప్పదని తూకం వేస్తే ఆ కేసు ఎప్పటికీ తేలదు. కోర్టు దాంతోపాటు ఇంకో ప్రశ్న అడిగింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరిది? ఇన్నేళ్ళూ రోజూ ఆమె పక్కన ఉన్న ఆసుపత్రి సిబ్బందిది అంది. ఒకవేళ వాళ్ళే రేపు మనసు మార్చుకున్నా సొంతంగా చెయ్యకూడదు, హైకోర్టుకి రావాలి అంది. అంటే ఇన్నేళ్ళు సేవ చేసినవాళ్ళ మంచితనాన్ని కూడా ఒక పద్ధతిలోంచి రమ్మంది.

వెంకటేశ్ కేసూ అంతే. ఆ కుర్రాడి కోరిక కంటే గొప్ప కోరిక ఏముంటుంది? ఆ తల్లిని తప్పు పట్టే నోరు ఎవరికుంది? కానీ అవయవదానం చట్టం చూడండి, 1994ది. బ్రెయిన్ డెత్ అని ఒక్క డాక్టరు చెప్తే చాలదు, నలుగురు కలిసి చెప్పాలి. ఒకసారి చాలదు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అవయవాలు అమర్చే టీమ్‌లోని డాక్టరు ఆ నలుగురిలో ఉండకూడదు. ఆ చట్టం ఏ డాక్టర్నీ నువ్వు మంచివాడివా అని అడగదు. మంచివాడే అనుకున్నా నమ్మకం అతని మంచితనం మీద ఆధారపడకుండా చేస్తుంది. ఎందుకంటే రేపు ఐసీయూలో పడుకునే ఇంకో పేషెంట్‌కి ఈ డాక్టరు మనసు తెలియదు. తన ప్రాణం కోసం చూస్తున్నాడా, తన గుండె కోసం చూస్తున్నాడా అన్న అనుమానం ఒక్కసారి వస్తే, ఆ తర్వాత ఏ తల్లీ అవయవదానానికి సంతకం పెట్టదు.

ఇదీ నేను రెండు మార్కులకి రాయనిది. నీతి అంటే నన్ను నేను అడుగుకునే ప్రశ్న: ఇది చేసి నేను నిద్రపోగలనా? ఎథిక్స్ అంటే ఎదుటి మనిషి నన్ను అడిగే ప్రశ్న: నువ్వేం నమ్మినా సరే, నీ చేతిలో నేను క్షేమమేనా?

ప్రాక్సీ విషయంలో ఈ తేడా పెద్దగా బయటపడదు. అందరం ఒకేలా ఆలోచిస్తాం కాబట్టి. చావు, గర్భస్రావం, ఉరిశిక్ష లాంటివి వచ్చినప్పుడే, మంచివాళ్ళు రెండు వైపులా నిలబడినప్పుడే బయటపడుతుంది. అక్కడ అందరూ నా నీతికే ఒప్పుకోవాలంటే అది జరిగే పని కాదు. ఒప్పుకోనివాళ్ళు కూడా నన్ను నమ్మగలిగేలా ఉండటమే నేను చెయ్యగలిగింది.

పొద్దున్నే క్యాంటీన్‌లో నాన్న ఒక్కడే ఉన్నాడు. ముందు ఇడ్లీ చల్లారిపోయి ఉంది. కూర్చుని చెప్పాను. అరుగు, కండక్టరు, గొట్టాలు. మొదటి మాట చెప్పాను. ఒక్క క్షణం ఆగాను. అక్కడే ఆగిపోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. తర్వాత రెండో మాట కూడా చెప్పాను. అక్కడ ఇంకెవరూ లేరని, నేనొక్కదాన్నేనని కూడా చెప్పాను.

నాన్న చాలాసేపు నా వైపు చూడలేదు.

"నిన్న డాక్టరుగారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయమేసింది నాన్నా."

"ఇంకోసారి చెప్పు. సరిగ్గా ఏమన్నాడు?"

మళ్ళీ చెప్పాను, అదే వరసలో.

"మీ నాన్న చూసుకుంటాడులే అన్నాడా?"

"అన్నాడు."

నాన్న తలూపాడు. నేను అనుకున్నట్టే ఆ మాటనే పట్టుకున్నాడు. డాక్టరుగారికి రెండు మాటలూ చెప్పి, నాన్న, బాబాయ్, అత్త మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. అత్త ఆపేద్దామంది. బాబాయ్ మాట్లాడలేదు. నాన్న, ఇంకొన్ని రోజులు చూద్దాం, నన్ను చూసుకోమన్నాడు, నేను చూసుకుంటాను అన్నాడు. ట్రాకియాస్టమీకి సంతకం పెట్టాడు.

తాతయ్య ఇంకో పన్నెండు రోజులు ఉన్నాడు. కళ్ళు తెరవలేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చి ఇరవై రెండో రోజు తెల్లవారుజామున పోయాడు.

ఆ పన్నెండు రోజులూ నా లెక్కలో ఉన్నాయి. సగం మాట మింగేసి ఉంటే అవి ఆయనకి తప్పేవేమో. ఆ గొంతు దగ్గర గొట్టాన్ని చూసిన ప్రతిసారీ, నేను నిజం చెప్పినందుకు ఈయన మూల్యం కడుతున్నాడు అనిపించింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు అనిపిస్తుంది. నిజం చెప్తే మనసు తేలికవుతుందంటారు. నాకు అవలేదు. సరైన పని చేసి కూడా నిద్ర పట్టకపోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అలాగని రూలే గొప్పది, మనసు పనికిరాదు అని నేననడం లేదు. రూల్స్ పైనుంచి ఊడిపడలేదు. 2004లో ఒక తల్లి ఓడిపోయింది. 2011లో విరానీ ఓడిపోయింది, కానీ ఆ ఓటమిలోనే ఒక దారి తెరుచుకుంది. 2018 మార్చి 9న, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని, ముందే రాసిపెట్టుకున్న మాటకి విలువుందని కోర్టు చెప్పింది. 2023లో ఆ కాగితానికి మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదు, నోటరీయో గెజిటెడ్ ఆఫీసరో చాలు అంది. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం ఇప్పటికీ నేరమే. వెంకటేశ్ అడిగింది ఇప్పటికీ కుదరదు. కానీ రూలు కదిలిందంటే, రూలు తప్పని నమ్మినవాళ్ళు దాన్ని చాటుగా దాటకుండా, ఎదురుగా వచ్చి ప్రశ్నించడం వల్లే. తమ నమ్మకాన్ని అందరి ముందు పెట్టి, ఓడిపోయే అవకాశాన్ని ఒప్పుకున్నారు. ఆ రాత్రి దుప్పట్లో నేను చెయ్యబోయింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఓడిపోయే అవకాశం లేకుండా గెలవాలనుకున్నాను.

రేపు మనలో చాలామంది కోడ్ రాస్తారు, కొలతలు తీస్తారు, టెస్ట్ రిపోర్టుల కింద సంతకం పెడతారు. అప్పుడూ రెండు గడులు ఎదురవుతాయి. ఒక దాన్ని మంచి ఉద్దేశంతో నింపెయ్యాలనిపిస్తుంది. మన రిపోర్టు చదివేవాళ్ళు మన మనసు చదవరు.

సంవత్సరీకం అయ్యాక ఒక ఆదివారం నాన్న నన్ను పిలిచాడు. టేబుల్ మీద ఒక కాగితం. తన గురించి రాసుకున్నాడు. డాక్టర్లు లాభం ఉందన్నంతవరకు అన్నీ చెయ్యండి, లేదని బోర్డు తేల్చాక యంత్రాల మీద పొడిగించొద్దు. ఇద్దరు సాక్షుల చోటు ఖాళీగా ఉంది, సోమవారం నోటరీ దగ్గరికి వెళ్ళాలి. తన తరఫున మాట్లాడే మనిషిగా నా పేరు రాశాడు.

"నేనెందుకు నాన్నా? అమ్మ ఉంది, తమ్ముడున్నాడు."

"నువ్వు రెండు మాటలూ చెప్పావు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు నాకు చేతులు రాకపోతే? నీకు రాలేదు కదా."

నాన్న కాగితం మడిచి కవర్లో పెట్టాడు.

"రావనే కదమ్మా ఈ కాగితం" అన్నాడు.

రూమ్మేట్ అడిగిన ప్రశ్నకి నా సమాధానం ఇంకా మారలేదు. నేను ఇప్పటికీ అనుకూలమే. స్వాతక్క ఇప్పటికీ వ్యతిరేకమే. రేపు నాకేమైనా అయితే మాత్రం, నా షీటు తన చేతిలో ఉండాలని కోరుకుంటాను.